నంబర్ తాళం విప్పే ముందు: అమెరికా ఇనప్పెట్టెల పని

ఒహాయో రాష్ట్రంలోని హామిల్టన్ ఒకప్పుడు ఇనప్పెట్టెల ఊరు. మోస్లర్, హెర్రింగ్-హాల్-మార్విన్ అనే ఇనప్పెట్టెల కంపెనీలు రెండూ అక్కడివే. అదే రాష్ట్రంలోని కాంటన్‌లో డీబోల్డ్ ఉండేది. మోస్లర్ 2001లో దివాలా తీసింది. అది చేసిన తలుపులు మాత్రం పాత బ్యాంకు భవనాల్లో, నగల దుకాణాల్లో ఇంకా బిగుసుకునే ఉన్నాయి. అందుకే పాత తాళాలు విప్పి బాగుచేసే ఈ పని ఆగలేదు. వాచీ రిపేరో, ఫిట్టర్ పనో తెలిసి ఇటు వచ్చిన మనవాళ్లకు ఇది చేతికి లొంగే పనే. అయితే ఇండియాలోని కొన్ని అలవాట్లు ఇక్కడి తాళాల మీద ప్రయోగిస్తే నష్టమే మిగులుతుంది.

ముందుగా కాగితాల సంగతి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు సొంతానికి పాత తాళం కొనుక్కుని సరదాగా బాగుచేసుకుంటే అది కాలక్షేపం. ఇంకొకరి పెట్టె తెరిచి డబ్బు తీసుకుంటే అది ఉద్యోగం, దానికి ఆ వీసా ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉన్నా టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో తాళాల పనికి రాష్ట్ర లైసెన్సు కావాలి, అందుకు వేలిముద్రలు ఇవ్వాలి. పెట్టె తనదేనని యజమాని రుజువు చూపించకుండా మంచి షాపులో ఎవరూ డయల్ మీద చెయ్యి వెయ్యరు. ఎంత తెలిసినవాళ్లయినా అడగాల్సిందే. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

రెండోది కొలతలు. మనం మిల్లీమీటర్లలో పెరిగాం, ఈ తాళాలు అంగుళాల్లో పుట్టాయి. 8-32 అనే అమెరికన్ సైజు స్క్రూ రంధ్రంలో మన ఎం4 (4 మిల్లీమీటర్ల) స్క్రూ రెండు మూడు చుట్లు హాయిగా దిగుతుంది, ఎందుకంటే వ్యాసం 4.17కీ 4కీ పెద్ద తేడా లేదు. మర దూరం (పక్కపక్క మరల మధ్య దూరం) మాత్రం ఒకదానికి 0.79 మిల్లీమీటర్లు, రెండోదానికి 0.7. నాలుగో చుట్టుకు పట్టేస్తుంది, బలవంతం చేస్తే ఇత్తడిలో మర చెడిపోతుంది. ఇంగ్లండు తాళాలైతే వేరే గొడవ: పావు అంగుళం విట్‌వర్త్‌కీ (పాత ఇంగ్లండు స్క్రూ కొలత) అమెరికన్ 1/4-20కీ అంగుళానికి 20 మరలే, కానీ పంటి కోణం అక్కడ 55 డిగ్రీలు, ఇక్కడ 60. ఊడిన ప్రతి స్క్రూనూ దాని రంధ్రం గుర్తుతో పాటు దాచాలి. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయేలా రాయి మీద అరగదీసుకోవాలి. స్క్రూ తల చెదిరిన తాళాన్ని సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారు.

తలుపు తెరిచి ఉన్నప్పుడే తాళం వెనక మూత విప్పండి. చాలా తాళాల్లో మూత ఊడగానే రీలాకర్ (తాళాన్ని పగలగొడితే గడియలను బిగించేసే అదనపు అడ్డు) పడిపోతుంది, అప్పుడు గడియలు బయటికి వచ్చి ఉంటే లోపలికి లాగడం కష్టం. మూత పక్కన గాజు గొట్టం కనబడితే అక్కడే ఆపేయాలి. 1920లు, 30ల్లో దొంగల కోసం క్లోరోపిక్రిన్ అనే కన్నీటి వాయువు ద్రవాన్ని గాజు గొట్టాల్లో పోసి తలుపు లోపల బిగించేవారు. వాటిలో కొన్ని ఇంకా పగలకుండా ఉన్నాయి. వాటిని తీయడం అగ్నిమాపక శాఖవాళ్ల పని. తలుపు గోడల్లో కూరిన మంట నిరోధక పదార్థంలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా డ్రిల్లు పెట్టకూడదు, దుమ్ము ఊడవకూడదు.

ఇక అసలు పని. నంబర్ తాళంలో సాధారణంగా మూడు వీల్స్ (అంచున గేటు అనే గాడి ఉన్న చక్రాలు), డయల్‌తో పాటు తిరిగే డ్రైవ్ కామ్ అనే చక్రం ఒకటి, వాటి మీద వాలే లివర్ (మీట), ఆ లివర్‌కున్న ఫెన్స్ అనే చిన్న కమ్మీ ఉంటాయి. డయల్ తిప్పితే ముందు కామ్ ఒక్కటే కదులుతుంది. ఒక చుట్టుకు మూడో వీల్‌ను పట్టుకుంటుంది, ఇంకో చుట్టుకు రెండోదాన్ని, ఆపైన మొదటిదాన్ని. నాలుగు సార్లు ఎడమకి, మూడు సార్లు కుడికి, రెండు సార్లు ఎడమకి అని చెప్పడం వెనక లెక్క ఇదే. గేట్లు మూడూ ఒక వరుసలోకి వచ్చాక ఫెన్స్ వాటిలో పడుతుంది, కామ్ లివర్‌ను లాగుతుంది, గడియ వెనక్కి పోతుంది. డయల్ మీద 100 గీతలు, అంటే కాగితం మీద పది లక్షల నంబర్లు. గేటుకు కొంచెం వెడల్పు ఉంటుంది కాబట్టి నిజంగా పనికొచ్చేవి చాలా తక్కువ. సార్జెంట్ అండ్ గ్రీన్‌లీఫ్ కంపెనీ తాళాల్లో చివరి నంబరు 0 నుంచి 20 లోపు పెట్టకూడదు, అక్కడ లివర్ ముక్కు కామ్ గాడికి అడ్డొస్తుంది.

విప్పేటప్పుడు కామ్‌ను స్పిండిల్‌కు (డయల్ కడ్డీకి) బిగించే స్ప్లైన్ ముక్కను నిటారుగా లాగి తీసి, కామ్‌ను కదలకుండా పట్టుకుని డయల్‌ను ఎడమకి తిప్పితే స్పిండిల్ ఊడివస్తుంది. వీల్స్ తీసిన వరుసలోనే, పైముఖం పైకే ఉండేలా తెల్ల కాగితం మీద పేర్చి 1, 2, 3 అని రాయండి. ఒక్కో వీల్‌కూ మధ్య పల్చటి వాషరు ఉంటుంది. దానికున్న చెవిలాంటి చిన్న మొన, వీల్స్ తిరిగే పోస్టు (గొట్టం) గాడిలో కూర్చుని వాషరు తిరగకుండా ఆపుతుంది, అందుకే ఒక వీల్ తిరిగితే పక్క వీల్ తోడుగా లాక్కుపోదు. ఆ వాషరు తిరగేసినా, మరిచిపోయినా తాళం ఒకరోజు తెరుచుకుని మర్నాడు మొండికేస్తుంది.

శుభ్రం చేయడమంటే మనవాళ్లకు చింతపండు గుర్తొస్తుంది. కుందులకు సరే, ఇక్కడ వద్దు. పులుపు ఇత్తడిని తినేస్తుంది, ఆపైన ఎర్రటి రాగిరంగు తేలుతుంది, పల్చటి నికెల్ పూత ఉంటే అదీ పోతుంది. వీల్స్ మీద, టైమ్ లాక్ (పెట్టిన గంటలు గడిచేదాకా తెరుచుకోని గడియారపు తాళం) పలకల మీద గుండ్రని మెరుపు డిజైన్ ఉంటే ఎమరీ కాగితం తగిలిందో దాని విలువ పోయినట్టే. మినరల్ స్పిరిట్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో, మొండి జిడ్డును చెక్క పుల్లతో తీసి, పూర్తిగా ఆరబెట్టండి. అమ్మోనియా కలిసిన గడియారాల క్లీనర్‌లో ఇత్తడిని కొన్ని నిమిషాలకు మించి ఉంచకూడదు. బ్రిటిష్ కాలంలో ఇండియాలో వానాకాలం గుర్రపు సాలల దగ్గర దాచిన ఇత్తడి తూటాలు వాటంతటవే పగుళ్లిచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. ఒత్తిడిలో ఉన్న ఇత్తడికి ఆ జబ్బు ఇప్పటికీ వస్తుంది.

నూనె విషయంలో కూడా మన చెయ్యి ఎక్కువ. పట్టేసిన తాళాల్లో చాలావాటికి జబ్బు తుప్పు కాదు, యాభై ఏళ్లుగా ఎవరెవరో పోసిన నూనె గడ్డకట్టడం. డబ్బాలోంచి కొట్టే పిచికారీ ఇవాళ వదులు చేస్తుంది, ఆరాక జిగురు మిగుల్చుతుంది. గడియ పక్కలకు సన్నటి గ్రీజు పూత, వీల్ పోస్టుకు గుండుసూది తలంత నూనె, అంతే. వీల్ అంచులకు, గేట్లకు, ఫెన్స్‌కు అస్సలు వద్దు.

బిగించాక తలుపు తెరిచే ఉంచి కనీసం ఐదారుసార్లు నంబరు తిప్పి చూడాలి. స్పిండిల్ కామ్‌లోకి బిగుతుగా ఎక్కాక, స్ప్లైన్ గాడి కలిసేదాకా మాత్రమే వెనక్కి తిప్పాలి. అంతకంటే వెనక్కొస్తే డయల్ వదులై నంబరు జరుగుతుంది. మూడు నంబర్లూ ఒకే వైపు ఒకే కొలత జరిగి తెరుచుకుంటుంటే వీల్స్ జోలికి వెళ్లొద్దు, డయల్ చుట్టూ ఉండే రింగో, స్ప్లైనో కదిలిందని అర్థం. మొదటి నంబరు ఒక్కటే రెండు గీతలు జరిగితే మొదటి, రెండో వీల్స్ మధ్య ఫ్లై చూడండి. ఫ్లై అంటే వీల్‌కున్న చిన్న కదిలే ముక్క. ఎడమకి తిప్పినా కుడికి తిప్పినా ఒకే నంబరు చూపించడానికే దాన్ని పెట్టారు. జిడ్డులో అతుక్కుంటే ఆ సర్దుబాటు పోతుంది.

టైమ్ లాక్ వేరే చదువు. క్యాషియర్‌ను ఇంటి దగ్గరే పట్టుకుని నంబరు చెప్పించే దొంగలు పెరిగాక, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కు చెందిన జేమ్స్ సార్జెంట్ 1873లో దీన్ని పనిచేసేలా చేశాడు. మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లోని మారిసన్ బ్యాంకులో మొదటిది బిగించారు. శనివారం సాయంత్రం 5కి మూసి సోమవారం ఉదయం 8కి తెరవాలంటే 39 గంటలకు చెవి తిప్పాలి. లోపల రెండో మూడో గడియారాలుంటాయి, ఒక్కటి సున్నాకి చేరినా చాలు, తెరుచుకుంటుంది. పరీక్షలో పొరపాటు జరిగేదీ ఇక్కడే. మూడూ ఒకేసారి తిప్పితే బాగున్న ఒక్కటి చెడిపోయిన రెంటినీ కప్పేస్తుంది. ఒకదాన్ని 2 గంటలకు, మిగతావాటిని 10 గంటలకు తిప్పి, తలుపు తెరిచే ఉంచి, ఒక్కోదాన్నీ విడిగా చూడాలి. మూవ్‌మెంట్ (గడియారం యంత్రం) విప్పే ముందు మెయిన్‌స్ప్రింగ్‌లోని బలం వదిలేయకపోతే వేళ్లు తెగుతాయి.

సెలవుకి ఊరెళ్లినప్పుడు "నువ్వు తాళాల పనే కదా" అంటూ తాతల నాటి చబ్ (ఇంగ్లండు కంపెనీ) పెట్టె చూపిస్తారు. అది నంబర్ తాళం కాదు, చెవితో తెరిచే లివర్ల తాళం. సరైన చెవి పెట్టినా తిరగడం లేదంటే విరిగిందని అనుకోకండి. ఎవరో తప్పు చెవితో ప్రయత్నించినప్పుడు ఒక లివర్ మరీ పైకి లేచి, తప్పు చెవి పడిందని తాళాన్ని పట్టేసే డిటెక్టర్‌లో చిక్కుకుని ఉండొచ్చు. 1818 నాటి మొదటి రకానికి దాన్ని విడిపించే చెవి వేరే ఉండేది. తర్వాతి రకాల్లో అసలు చెవినే లోపల పెట్టి తెరిచే వైపు కాకుండా మూసే వైపు ఒకసారి తిప్పితే లివర్ కిందికి దిగుతుంది, ఆ తర్వాత మామూలుగా తెరవొచ్చు.