నీకన్నా బాగా చేసింది

ఎంఏ రోజుల జ్ఞాపకాలు కమిటీ వాళ్లు ఒక పేజీలో ముగించమన్నారు. ఎంఏ మొదటి ఏడాదిలో నాకు గుర్తున్నది మెస్ సాంబారొక్కటే కనుక ఇబ్బంది లేదు. రెండో ఏడాదంతా ఆ నాటకమే.

1987. 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్'. అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ నుంచి తెచ్చిన ఒకే ఒక్క పుస్తకం, చేత్తో ఎత్తిరాసుకున్న కాపీలు. (జిరాక్సుల డబ్బంతా రిహార్సల్ గుడ్లకే పోయింది. ఎవరు తిన్నారో చెప్పను.) అన్ని వేషాలూ పంచుకోగా నాకు లిండ్నర్ మిగిలాడు. నాటకంలో యంగర్లనే నల్లజాతి కుటుంబం 3,500 డాలర్లు బయానా కట్టిన ఇంటిని, తమ పేటలోకి రాకుండా ఉంటే చాలని, ఎక్కువిచ్చి తిరిగి కొంటామనే తెల్లాయన.

విలనే కదా అని రాజనాలలా కళ్లురిమాను. నాటకం వేయిస్తున్న మేడం స్క్రిప్టు బల్లమీద కొట్టారు. "వాడు అరవడయ్యా! కుర్చీ అంచున కూర్చుని, ఎంతో మర్యాదగా రావద్దంటాడు." మూడు వారాలు అదే పాట. మధ్యలో నాటకం రాసిన లొరేన్ హాన్స్‌బెర్రీ సంగతి. 1937లో వాళ్ల నాన్న షికాగోలో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటే ఇంటిమీదికి గుంపు రావడం, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1940లో గెలవడం, ఆ ఇంటి పిల్లే 1959లో బ్రాడ్‌వేకి నాటకం ఇవ్వడం. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం అక్కడ ఆడటం అదే మొదలట. మేకప్‌కి బొగ్గుపొడి తెచ్చిన మహానుభావుడి పేరు రాయను. మేడం ఆ డబ్బా కిటికీలోంచి విసిరేసి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

నాటకం రోజు, యంగర్ల అమ్మ పెంచుకునే మొక్కకి బదులు పెట్టిన వార్డెన్ గారి క్రోటన్ సహా అన్నీ కుదిరాయి. అయ్యాక ముందు వరసలోని ఒక పెద్దాయన నా భుజం తట్టి, "నువ్వన్నదాంట్లో తప్పేముంది బాబూ? ఎవరి పేటలో వాళ్లుంటే గొడవే లేదు" అన్నాడు.

మేడం విన్నారు. "ఇవాళ కుదిరిందయ్యా నీకు" అన్నారు.

యంగర్ల కొడుకు వాల్టర్ వేషం వేసినవాడు పక్కనే ఉన్నాడు. ఆ వేసవిలోనే వాడి గది కోసం ఇద్దరం తిరిగాం. మూడో ఇంటావిడ కుర్చీలేసి, మంచినీళ్లిచ్చి, ఇంటిపేరడిగి, ఊరడిగి, గది నిన్ననే ఇచ్చేశామంది. టులెట్ బోర్డు గేటుకే వేలాడుతోంది. వీధి చివరికొచ్చాక వాడు, "నీకన్నా బాగా చేసింది రా" అన్నాడు.

తర్వాత నేను బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లు ఎక్కువగా ఇళ్ల లోన్లే చూసి, చీఫ్ మేనేజరుగా రిటైరయ్యాను. గొప్పకి చెప్పట్లేదు. సరే, కొంచెం గొప్పకే. 2004లో వాల్టర్ ఇంటి లోను మీద సంతకం నాది. (కాగితాలన్నీ పక్కా. ఆడిట్ వాళ్లు చదివినా భయం లేదు.)

గృహప్రవేశం నాడు వాడు చుట్టాలందరి ముందూ, "మమ్మల్ని పేటలోకి రావద్దని డబ్బివ్వబోయింది ఈయనే" అని పరిచయం చేశాడు. అందరూ బిగుసుకుపోయారు. వాళ్లమ్మగారి పక్కన కూర్చుని కథంతా చెప్పాల్సొచ్చింది. ఆవిడ శ్రద్ధగా విని, "మరి వెళ్లారా బాబూ, ఆ ఇంటికి?" అంది.

"వెళ్లారమ్మా. మొక్క కూడా తీసుకెళ్లారు."