బాబాయ్ బిల్లింగ్ నేర్చుకున్నారు
విజయవాడ వన్‌టౌన్‌లో మాది బట్టల హోల్‌సేల్ షాపు. ఆరుగురు పనిచేస్తారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక చేతి బిల్లులు ఆపేసి కంప్యూటర్ పెట్టాం. నాన్న కాలం నుంచీ ఉన్న గుమాస్తా బాబాయ్ తెగ టెన్షన్ పడ్డారు. మీటర్లు, రేట్లు అన్నీ ఆయనకి నోటి లెక్కే. మౌస్ పట్టుకుంటే మాత్రం చెయ్యి వణికేది. తప్పులు దొర్లుతుంటే అందరి ముందు కసిరాను. మర్నాడు ఆయన రాలేదు.

ఇంటికెళ్లి క్షమించమన్నాను. అప్పట్నుంచి రోజూ షాపు తీశాక బేరాలు మొదలయ్యేలోపు అరగంట పక్కన కూర్చుని నేర్పించాను. బిల్లులో ఒక్కో రకం సరుకుకి వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ నంబర్లు పాత బిల్లు పుస్తకం వెనక ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. ఆ అరగంటకీ జీతమిచ్చాను, ఇవ్వాలి కూడా.

నిన్న కొత్త కుర్రాడికి ఆయనే చెబుతున్నారు: "తొందరపడకు నాన్నా, ముందు పార్టీ పేరు సరిచూసుకో."