వేళ్ళ సందుల్లో తడి

కాకినాడ దగ్గర మా ఊళ్ళో దీన్ని బోదకాలు అంటారు. ఇక్కడ చెన్నైలో, మా పెరంబూరు వీధిలో, యానక్కాల్ అంటారు. ఎవరు ఏ పేరుతో అన్నా చూపు మాత్రం నేరుగా నా ఎడమ పాదం మీదికే పోతుంది.

పెళ్ళయి వచ్చిన కొన్నేళ్ళకి మొదలైంది. ముందు గజ్జల్లో బిళ్ళ కట్టేది, తర్వాత పళ్ళు టకటకలాడేంత చలి. తెల్లారేసరికి కాలు ఎర్రగా పొంగి, ముట్టుకుంటే కాలిపోయేది. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇదే వరస. అమావాస్యకి వస్తుందని అమ్మ నమ్మకం. నేనూ క్యాలెండర్ చూసుకుని టెన్షన్ పడేదాన్ని. జ్వరం తగ్గేది గానీ వాపు పూర్తిగా దిగేది కాదు, ప్రతిసారీ కాస్త మిగిలిపోయేది.

వచ్చినప్పుడల్లా డీఈసీ బిళ్ళలు మింగాను, ఈ జబ్బు తెచ్చే సన్నటి పురుగుల్ని చంపే మందు అది. చివరికి ఒక డాక్టరమ్మ రాత్రి రక్తపరీక్ష రాసింది. పురుగు పిల్లలు పగలు లోపల దాక్కుని రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయట, వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే. రాత్రి పదిన్నరకి వేలు గుచ్చారు. ఏమీ లేదని వచ్చింది.

"పెద్ద పురుగులు బతికేది ఆరేడేళ్ళమ్మా. నీ ఒంట్లోవి ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. అవి పాడుచేసిన లింఫ్ నాళాలు, అంటే కాల్లో చేరే నీటిని పైకి లాగే సన్నటి గొట్టాలు, మాత్రం మళ్ళీ మామూలు కావు. ఇప్పుడు జ్వరం తెచ్చేది పురుగు కాదు, పగుళ్ళలోంచి దూరే బాక్టీరియా" అంటూ టార్చి వేసి, నా చిటికెన వేలు పక్కకి లాగి చూపించింది. తెల్లగా నాని, చీలిన చర్మం. ఇన్నేళ్ళూ ఆ కాలు చీర కుచ్చిళ్ళలో దాచాను. నేనే సరిగ్గా చూసుకోలేదు.

ఇప్పుడు రోజూ రెండు పూటలా సబ్బుతో మెల్లగా కడుగుతాను, రుద్దను. పాత నూలు చీర ముక్కతో ఒక్కో వేలి సందూ అద్ది ఆరబెడతాను. నాని చీలిన చోట మందు రాస్తాను. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద ఎత్తి పెట్టి మడమ పైకీ కిందికీ ఆడిస్తాను. రాత్రి కాళ్ళ కింద దిండు. దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలూ వంటింట్లోకి ఎవరూ పిలవకుండా అత్తయ్య చూసుకుంటారు.

ఒక్క బాధ మాత్రం పోదు. మా ఊళ్ళో ఏటా ఇంటింటికీ డీఈసీ బిళ్ళలు పంచేవారు. జబ్బు లేదుగా అని బియ్యం డబ్బా వెనక పెట్టేశాం. కాలు వాచకముందే ఒంట్లో పురుగు ఉంటుందని అప్పుడు ఎవరికీ తెలియలేదు. మీ వీధికి వస్తే, పంచేవాళ్ళ ఎదుటే మింగండి. చంటిపిల్లలకీ గర్భిణులకీ బాగా జబ్బుపడి ఉన్నవాళ్ళకీ మాత్రం ఇవ్వరు.

జ్వరం వచ్చి పద్నాలుగు నెలలైంది. కాలు మునుపటంత సన్నబడలేదు గానీ, నెల మొదట్లో దర్జీ టేపుతో చీలమండ పైన కొలుస్తాను. పోయిన నెల అర అంగుళం తగ్గింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కొలిచారు.