రాత్రికి రాత్రి మాడిపోయిన పుచ్చ ఆకులు: తెగులు అనుకున్నాను, కాదు

సోమవారం పొద్దున ఆరున్నరకి ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు ఒకసారి తడి చూసుకుందామని పెరట్లోకి వెళ్ళాను. పుచ్చ మడి దగ్గరకు రాగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. శనివారం సాయంత్రం వరకు ముదురాకుపచ్చగా, అరచేతులంత వెడల్పుగా పరుచుకుని ఉన్న ఆకుల నిండా తెల్లటి, గోధుమ రంగు మచ్చలు. కొన్ని ఆకులు అంచుల నుంచి మాడి అప్పడంలా పెళుసుగా అయిపోయాయి, ముట్టుకుంటే చిట్లుతున్నాయి. ఆదివారం షార్లెట్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళి రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చాం, ఆ ఒక్కరోజే తోట వైపు చూడలేదు. ఆ ఒక్కరోజులో ఇంత జరిగింది.

మాది అమెరికాలోని నార్త్ కరోలినా, రాలీ దగ్గర. నేను పెంచుతున్నది మామూలు పుచ్చ కాదు, కరోలినా క్రాస్ అనే రాక్షస రకం. ఒక మొక్కకి పదీ పదిహేను అడుగుల దూరం ఇచ్చి, తీగలన్నీ పారనిచ్చి, కాయ మాత్రం ఒక్కటే ఉంచుతాం, మిగతా పిందెలు గిల్లేస్తాం. ఇది తిండికి పెంచే పంట కాదు, తూకానికి పెంచే కాయ. ఈ దేశంలో దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఆర్కన్సాలోని హోప్ అనే చిన్న ఊరు పెద్ద పుచ్చకాయలకే పేరు పడింది, 2005లో అక్కడ లాయిడ్ బ్రైట్ అనే ఆయన 268.8 పౌన్ల కాయ పండించాడు. 2013లో టెనెసీలోని సెవియర్‌విల్‌కి చెందిన క్రిస్ కెంట్ 350.5 పౌన్ల కాయతో ప్రపంచ రికార్డు కొట్టాడు. అంటే దాదాపు 159 కిలోలు. నాకు ఆ స్థాయి ఆశ లేదు. మా రాష్ట్రంలో అక్టోబర్‌లో జరిగే స్టేట్ ఫెయిర్ తూకం పోటీకి వంద పౌన్లు దాటిన కాయ ఒకటి తీసుకెళ్ళాలి, అంతే.

కానీ ఆ కాయకి తిండి వండిపెట్టేది ఆకే కదా. కాయ ఊరే రోజుల్లో రోజుకి రెండు మూడు పౌన్లు పెరుగుతుంది, ఆ చక్కెర అంతా ఆకుల నుంచే రావాలి. నా కాయకి అప్పటికి ఇరవై నాలుగు రోజులు. సరిగ్గా ఊపు అందుకునే సమయంలో సగం ఆకులు పోతే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

నేరుగా గ్యారేజీలోకి వెళ్ళి రాగి మందు సీసా తీశాను. ఇలాంటి మచ్చలు చూడగానే బూజు తెగులో, పక్షికన్ను తెగులో వచ్చిందని, ముందు శిలీంద్రాల మందు కొట్టేయాలని అనిపిస్తుంది. నాక్కూడా అలాగే అనిపించింది. పంపులో నీళ్ళు పోసి మందు కొలుస్తుంటే నాన్న వీడియో కాల్ చేశారు. నాన్న చాలా ఏళ్ళు కృష్ణా నది లంక భూముల్లో దోస, పుచ్చ పెట్టారు. ఆకులు చూపించాను. ఆయన మచ్చల గురించి ఏమీ అనలేదు. "అబ్బాయ్, ఆ పంపు కింద పెట్టు. ముందు మడి చుట్టూ తిరుగు. పక్కన ఏముందో చూపించు, కలుపు మొక్కలు కూడా చూపించు" అన్నారు.

ఆ మాటే నా కాయని కాపాడింది. ఆ రోజు ఆఫీసుకి సగంపూట సెలవు పెట్టి తిరిగాను. ఇలా ఉన్నట్టుండి ఆకులు దెబ్బతిన్న వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళకి పనికొస్తుందని, నేనేం చూశానో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మచ్చల వయసు చూశాను. తెగులైతే ఒక్కో మచ్చ ఒక్కో వయసులో ఉంటుంది. ఒకచోట ఆవగింజంత, ఇంకోచోట రూపాయి బిళ్ళంత, మరోచోట అప్పుడే పసుపు తిరుగుతూ. ఒక ఆకుతో మొదలై పక్క ఆకులకి, ఆ పక్కకి పాకుతుంది. నా మొక్క మీద మచ్చలన్నీ ఒకేసారి పుట్టినట్టున్నాయి, అన్నీ ఒకే ముదురు, ఒకే రంగు. మూడు మొక్కల మీదా ఒకే లెక్కలో ఉన్నాయి. అదృష్టం కొద్దీ నేను రోజూ ఫోన్‌లో ఫోటోలు తీస్తాను, శనివారం సాయంత్రం ఆరింటి ఫోటోలో ఒక్క మచ్చా లేదు. బూజు తెగులు తేమగా ఉన్న వారంలో చాలా వేగంగా పాకుతుందన్నది నిజమే, కానీ అది కూడా ముప్పై ఆరు గంటల్లో మూడు మొక్కల్నీ ఒకే మోతాదులో పట్టదు.

తర్వాత ఏ ఆకులు అన్నది. తీగ కొసల్లో చివరి రెండు మూడు ఆకులు, మొవ్వు, నులితీగలు నవనవలాడుతున్నాయి. దెబ్బంతా అప్పటికే పూర్తిగా విచ్చుకున్న ఆకులకే తగిలింది. తెగులైనా, వేరు నుంచి వచ్చే ఇబ్బంది అయినా ఇంత శుభ్రంగా కొసల్ని వదిలేయడం అరుదు. అంటే దెబ్బ ఒక్క గడియలో తగిలి ఆగిపోయింది, ఆ తర్వాత విచ్చుకున్న ఆకులకి దాని సంగతే తెలియదు.

మూడోది, ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఒక పెద్ద ఆకు ఇంకో ఆకు మీద సగం వరకు పడుకుని ఉంది. పై ఆకు నిండా మచ్చలు. దాన్ని ఎత్తి చూస్తే, కింది ఆకు మీద పై ఆకు ఆకారం అచ్చు గుద్దినట్టు పచ్చగా మిగిలి ఉంది. తమ్మెలతో సహా, గీత గీసినట్టు. ఆ గీతకి అవతల ఆకు మాడిపోయింది. ఏ శిలీంద్రమూ ఇలా గీత గీసి ఆగదు. పై నుంచి ఏదో పడింది, పడ్డచోట మాడ్చింది, పడనిచోట వదిలేసింది.

ఇక పక్క మొక్కలు. పది అడుగుల దూరంలో బీర పందిరి, దాని పక్కన గోంగూర, టమాటా. వాటి మీద చుక్క మచ్చ లేదు. కానీ పుచ్చ మడి లోపల, తీగల మధ్య మొలిచిన పిచ్చి తోటకూర ఆకుల మీద మాత్రం అవే తెల్ల మచ్చలు ఉన్నాయి. పుచ్చకి వచ్చే తెగులు మామూలుగా తోటకూరకి అంటదు. రెండు వేర్వేరు జాతుల మొక్కలు ఒకేచోట ఒకేలా మాడాయంటే అది ప్రాణమున్న దాని పని కాదు.

అయినా అనుమానం ఉంచుకోకూడదని తెగుళ్ళన్నీ వరసగా చూశాను. తెల్లవారుజామున మంచు ఆరకముందు ఆకు తిప్పి భూతద్దంతో చూస్తే బూజు తెగులుకి అడుగున బూడిద రంగు నూగు కనపడాలి, కనపడలేదు. మొదలు దగ్గర కాండం పగిలి తేనె రంగు బంక కారుతోందా అని చూశాను, అదీ లేదు. ఒక పక్క తీగని ఏటవాలుగా కోసి చూశాను, ఎండు తెగులైతే లోపల గోధుమ రంగు చార ఉంటుంది. తెల్లగా శుభ్రంగా ఉంది. తెల్ల కాగితం పట్టుకుని ఆకుల్ని దులిపితే ఎర్రనల్లి చుక్కల్లా పాకుతూ కనపడుతుంది, ఒకటీ రెండూ తప్ప లేవు. మచ్చలున్న రెండు ఆకుల్ని తడి టిష్యూ కాగితంతో కలిపి జిప్ సంచిలో పెట్టి వంటింటి గట్టు మీద రెండు రోజులు ఉంచాను. తెగులుంటే ఆ తేమకి మచ్చల మీద నూగు లేస్తుంది. రెండు రోజుల తర్వాత కూడా ఆకు ఎండి ఉందే తప్ప ఏమీ లేవలేదు.

అప్పుడు నా దృష్టి పక్కింటి పచ్చిక మీదకి పోయింది. ఇక్కడ పచ్చికకి కలుపు మందు కొట్టడానికి కంపెనీల వాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు, గాలికి ఆ మందు కొట్టుకొస్తే పుచ్చ, టమాటా లాంటివి తట్టుకోలేవు. మనసులో పక్కింటాయన మీద కోపం కూడా వచ్చింది. కానీ 2,4-డి లాంటి కలుపు మందు తగిలితే లక్షణాలు వేరేగా ఉంటాయి. మాడటం కాదు, మెలి తిరగడం. ఆకు కాడలు వంకర్లు పోతాయి, కొత్త ఆకులు విసనకర్రలా ముడుచుకుని ఈనెలన్నీ దగ్గరకి వచ్చేస్తాయి, దెబ్బంతా మొవ్వులోనే కనపడుతుంది. నాది దానికి పూర్తిగా తిరగబడి ఉంది. పైగా టమాటా చెక్కుచెదరలేదు, టమాటా అయితే అందరికన్నా ముందు ముడుచుకుపోవాలి. ఇంకో రకం కలుపు మందులు, తగిలిన చోటల్లా మాడ్చేవి, ఇలాంటి మచ్చలే చేస్తాయి. కానీ అవి గాలి వచ్చిన వైపు ఎక్కువగా, పోను పోను పలచగా పడతాయి, దారిలో ఉన్న గడ్డిని కూడా వదలవు. నా మడి చుట్టూ గడ్డి పచ్చగానే ఉంది.

మరి మడి లోపల మాత్రమే పై నుంచి పడింది ఏమిటి? లోపలికి వెళ్ళి నోట్‌బుక్ తెరిచాను. శనివారం సాయంత్రం ఆరున్నర: పేనుబంక, వేప నూనె కొట్టాను. అంతకు తొమ్మిది రోజుల ముందు: ఎర్రనల్లి, నీళ్ళలో కలిపే గంధకం కొట్టాను.

రెండూ విడివిడిగా నాకు అలవాటైన మందులే. సేంద్రియం కదా, భయం లేదనుకున్నాను. వేప నూనె సీసా వెనక చిన్న అక్షరాల్లో స్పష్టంగా ఉంది: గంధకం వాడిన రెండు వారాల లోపల కొట్టవద్దు, 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేడిలో కొట్టవద్దు. ఆకు మీద సహజంగా ఉండే మైనపు పూతని నూనె కరిగించి, ఆకు మీద మిగిలిన గంధకాన్ని లోపలికి పట్టుకుపోతుంది. గంధకం ఒక్కటే ఉన్నా మంచి ఎండలో దోస, పుచ్చ జాతుల్ని మాడ్చగలదు. శనివారం సాయంత్రం ఆరున్నరకి కూడా ఇక్కడ 91 ఉంది, ఆదివారం మధ్యాహ్నం 97కి వెళ్ళింది. బీర పందిరికి నేను మందు కొట్టలేదు. మడిలోని తోటకూర మీద మాత్రం పడింది. అన్నీ కలిశాయి.

మా కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయానికి ఫోటోలు, ఆకులు తీసుకెళ్ళాను. అక్కడి ఆవిడ ఆకు చూడకముందే అడిగింది, "గత రెండు వారాల్లో ఏమేం కొట్టారు?" అని. నోట్‌బుక్ చూపించాక తల ఊపి, నిర్ధారణకి ఆకుల్ని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ మొక్కల తెగుళ్ళ క్లినిక్‌కి పంపించింది. వారం తర్వాత జవాబు వచ్చింది, ఏ సూక్ష్మజీవీ లేదు, మందు వల్ల జరిగిన మాడు. ఆ రోజు నేను రాగి మందు కూడా కొట్టి ఉంటే, ఆ వేడిలో మిగిలిన ఆకులు కూడా పోయేవి.

ఇది రాస్తున్నానని మా వాట్సాప్ తోటల గ్రూపులో చెప్తే ఇద్దరు ముగ్గురు వాళ్ళ ఆకుల ఫోటోలు పంపారు, అందరివీ ఇదే కాదు. ఒకరిది ఆకు అంచులు మాత్రమే చుట్టూ కాలినట్టున్నాయి, అది ఎరువు ఎక్కువై ఉప్పు పేరుకున్న గుర్తు. ఇంకొకరిది మొదట్లో ఉన్న ముదురు ఆకుల పైభాగం నిండా సన్నటి చుక్కలతో పసుపు తిరిగింది, ఎండలు, గాలి కాలుష్యం రెండూ ఎక్కువైన వారంలో. పుచ్చ ఓజోన్‌ని అస్సలు తట్టుకోలేదు, పెద్ద ఊళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు దీన్ని తెగులనుకుని పొరబడతారు. మరొకరు కొన్న పశువుల ఎరువు వేశాక కొత్త ఆకులన్నీ ముడుచుకున్నాయి. పశువులు తిన్న గడ్డికి కొట్టిన కొన్ని రకాల కలుపు మందులు ఆ ఎరువులో కూడా మిగిలిపోతాయి. ఆ ఎరువు కలిపిన మట్టిలో నాలుగు చిక్కుడు గింజలు నాటి రెండు మూడు వారాలు చూడమన్నాను. మొలకలు వంకరగా వస్తే ఎరువుదే తప్పు.

ఇక నా మడి. సగం పచ్చగా ఉన్న ఆకుల్ని తీయలేదు, సగం ఆకు కూడా వండుతుంది. పూర్తిగా ఎండినవి మాత్రమే కత్తిరించాను. చాలామంది చెప్పినట్టు కోలుకోవడానికని నత్రజని ఎక్కువ వేయలేదు, తడి మాత్రం రోజూ ఒకే సమయానికి, ఒకే కొలతకి ఇచ్చాను. నీడనిచ్చే ఆకులు పోయి కాయ నేరుగా ఎండలో పడింది. అమ్మ పోయినసారి వచ్చినప్పుడు వదిలి వెళ్ళిన పాత నేత చీర ఒకటి ఉంటే నాలుగు కర్రలు పాతి కాయ మీద పందిరిలా కట్టాను. పేనుబంకని ఇప్పుడు నీళ్ళ ధారతో కడుగుతున్నాను, అంతే.

కాయ చుట్టుకొలత రోజూ టేపుతో చూస్తాను. దెబ్బ తగలకముందు రోజుకి అంగుళం పెరిగేది. ఆ వారం పావు అంగుళానికి పడిపోయింది, రెండు రోజులైతే టేపు కదలనే లేదు. కొసలు మాత్రం ఆగలేదు, రోజుకో అడుగు పాకి కొత్త ఆకులు పరిచాయి, ఒక్క దాని మీద కూడా మచ్చ లేదు. నిన్న సాయంత్రం చీర ఎత్తి టేపు చుట్టాను. అర అంగుళం. ఈ పొద్దున మళ్ళీ చుట్టాను, నాన్న ఫోన్‌లో చూస్తున్నారు. "ఎంత?" అన్నారు. ముప్పావు అన్నాను.