ఎఫ్‌సీ కోసం ఆటోనగర్‌లో నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం మా లారీకి ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి బాగుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఒకటీ రెండూ బళ్లు పెట్టుకుని నెట్టుకొస్తున్న ఓనర్లకి పనికొస్తుంది.

ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి. మాది పది టైర్ల బండి, ఎనిమిదేళ్లు దాటింది. గడువు తప్పితే రోజుకి 50 రూపాయలు అదనంగా కట్టాలి. యాభయ్యే కదా అనుకోకండి. ఎఫ్‌సీ లేకుండా రోడ్డెక్కి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది ఆ కాగితమే. ఒడిశా వైపు వెళ్తే టోల్‌గేటు కెమెరాలే నంబరు చూసి చలానా పంపేస్తున్నాయి.

కాగితాల పని తేలిగ్గా అయిపోయింది. క్వార్టర్ టాక్సు, పాత చలానాలు, ఫీజు, స్లాటు అన్నీ ఫోన్లోనే కట్టేశాను. పొల్యూషన్ సర్టిఫికెట్ అరగంటలో ఇచ్చారు. రేడియం టేపు ముందు తెల్లది, వెనక ఎర్రది, పక్కల పసుపుది కొత్తగా వేయించాను. స్పీడు గవర్నరు బండి వేగాన్ని గంటకి 80 కిలోమీటర్ల దగ్గర ఆపుతోందని చూసి సంతకం పెట్టారు.

చిక్కంతా బ్రేకుల దగ్గర వచ్చింది. మా డ్రైవరు ముందే చెప్పాడు: "బ్రేకు కొడితే బండి కుడికి లాగుతోంది, వెనక ఎడమ చక్రం మధ్యలో ఉండే హబ్బులో ఆయిల్ కారుతోంది, ఎఫ్‌సీకి ముందే చూపిద్దాం" అని. విజయవాడ ఆటోనగర్లో మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డున్న ఒక షాపుకి తోలాం. ఆయిల్ కారకుండా ఆపే సీలు మార్చి, బ్రేకు పట్టే లైనర్లు కొత్తవి కొట్టి, ఆ లైనర్లు రాసుకునే డ్రమ్ములు లేతు మిషను మీద నున్నగా టర్నింగ్ పట్టించి రెండు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. అడ్వాన్సు తీసుకున్నారు.

ఇక అక్కణ్ణుంచి రోజూ 'రేపు'. చక్రం విప్పిన కుర్రాడు మర్నాడు రాలేదు. వాడి బదులు వచ్చినవాడికి ఏ నట్టు ఎక్కడ పెట్టారో తెలీదు. లేతు దగ్గర క్యూ ఉందన్నారు, కరెంటు లేదన్నారు, ఎవరిదో పెళ్లన్నారు. అవతల గుంటూరు మిర్చి యార్డులో సీజను మంచి ఊపుమీదుంది. కోల్‌కతాకి మిర్చి టిక్కీల (బస్తాల) లోడు ఎత్తుతానని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి మాటిచ్చాను. మా నాన్న కాలం నుంచీ మా బండి మాట తప్పదని పేరు. ఆ లోడు వేరే బండికి వెళ్లిపోయింది. ఫోన్లో ఆ గుమస్తా నన్ను ఒక్క మాట కూడా అనలేదు, "సరేలెండి" అన్నాడంతే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

చివరికి బండి ఇచ్చారు. టెస్టుకి వెళ్లాం. చక్రాలు రోలర్ల మీద పెట్టి బ్రేకు తొక్కిస్తే ఎడమకెంత, కుడికెంత అని స్క్రీన్ మీద విడివిడిగా పడుతుంది. ఆ ఎడమ చక్రానికి కుడిదాంట్లో సగం కూడా రాలేదు. ఫెయిల్.

షాపుకి తిరిగొచ్చి అడిగితే ఓనరు కుర్చీలోంచి లేవలేదు. పని చేసే కుర్రాళ్లు, టీ కుర్రాడు, ఇంకో ఇద్దరు లారీ వాళ్లు అందరూ చూస్తుండగా, "నీ డ్రైవరుకి బ్రేకు తొక్కడం రాక ఫెయిలైతే నా మీద పడతావేం? బండి ఓనరువి, నీకు సీలంటే ఏంటో తెలుసా?" అన్నాడు. డ్రైవరు నాకంటే వయసులో పెద్దవాడు, లోడు బండితో ఘాట్లు దిగినవాడు. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. నన్ను అన్నదానికంటే ఆయన్ని అన్న మాటే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. హబ్బు మళ్లీ విప్పి చూడమంటే మళ్లీ లేబరు ఛార్జి కట్టాలన్నాడు. బిల్లు అడిగితే ఇక్కడ బిల్లులుండవన్నాడు.

అప్పుడు డ్రైవరే వెనక సందులో ఒక పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. "బాబాయ్, బ్రేకు ఫెయిలైంది" అంటే ఆయన చక్రం జోలికి పోలేదు. బండి కిందికి దూరి, వెనక ఇరుసు హౌసింగ్ పైన మట్టి గుడ్డతో తుడిచి, లోపలి గాలి బయటికి పోయే చిటికెన వేలంత బ్రీదరు విప్పి తెచ్చాడు. డీజిల్లో కడిగి నోటితో ఊదితే గాలి పోలేదు. "చూడబ్బాయ్, బండి పరిగెడితే లోపల ఆయిల్ వేడెక్కుద్ది, గాలి ఉబ్బుద్ది. పోవడానికి దారి లేకపోతే సీలునే తోసుకుని వచ్చుద్ది. దీన్ని వదిలేసి ఎన్ని సీళ్లు మార్చినా అంతే" అన్నాడు.

తర్వాత హబ్బు విప్పాడు. సీలు నల్లగా, కొత్తదిలా మెరుస్తోంది. ఆయన గోటితో గీకితే పెయింటు పెచ్చుగా ఊడింది. లోపల రబ్బరు అంచు రాయిలా బిగుసుకుపోయి ఉంది. పాత సీలుకే రంగు వేసి పెట్టారు! సీలు ఆనే రింగు మీద కూడా గోరు అడ్డంగా లాగాడు, గోరు టక్కున ఆగింది. గాడి పడిపోయింది, రింగు మార్చకపోతే కొత్త సీలూ నిలవదన్నాడు. లైనర్లు మాత్రం కొత్తవే, కానీ ఆయిల్లో నాని ఉన్నాయి, అందుకే బ్రేకు పట్టలేదు. పెట్రోలుతో కడిగి వాడదామా అని అడిగాను. "వేడెక్కితే లోపల పీల్చుకున్న ఆయిల్ మళ్లీ పైకొస్తుంది, ఘాట్లో నీ డ్రైవరు ప్రాణం మీదికొస్తుంది" అని పక్కన పడేశాడు. డ్రమ్ము కొలిచి చూసి, ఇంక టర్నింగ్ అక్కర్లేదన్నాడు. ఆ పని పేరు చెప్పి ఇంకొకరైతే డబ్బు తీసుకునేవారే. మర్నాడు మూడింటికి ఇస్తానన్నాడు, మూడింటికి ఇచ్చాడు. తీసేసిన సామానంతా గోనెసంచిలో కట్టి చేతికిచ్చాడు.

ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. ఐటీఐలో టర్నరు కోర్సు రెండేళ్లుంది, పాసైనవాళ్లూ ఉన్నారు, కానీ గ్రీజు చేతులకి పిల్లనివ్వరని డెలివరీ బైకులెక్కుతున్నారు. పరాయి రాష్ట్రాల్లో బండి ఆగితే డ్రైవరు బతుకు ఆ గ్రీజు చేతుల మీదే ఆధారపడి ఉంటుంది. ఓనర్లం కూడా ఏసీ ఆఫీసులో అడిగినంత ఇచ్చి, రేకుల షెడ్డు దగ్గర వందకి బేరమాడతాం. నేను ఈయన దగ్గర బేరమాడలేదు.

ఈసారి రోలర్ల మీద రెండు వైపులా దాదాపు సమానంగా వచ్చింది. పాస్. గేటు దగ్గర బ్రోకర్లు "నేను చూసుకుంటా" అంటూ వెంటపడతారు, పైసా ఇవ్వకండి. బాగు చేయించేటప్పుడు పాత సామాను అడిగి తీసుకోండి, మీ బండి బ్రీదరు ఈ వారమే చూపించుకోండి. డ్రైవరు చెప్పేది వినండి, బండి మొత్తం తెలిసేది ఆయనకే.

ఆ మొదటి షాపులో కట్టిన డబ్బు రాలేదు, వచ్చేలానూ లేదు. రంగు వేసిన సీలు మాత్రం నా దగ్గరే ఉంది, అడిగిన ప్రతి లారీ ఓనరుకీ చూపిస్తున్నాను. ఎల్లుండి గుంటూరులో లోడింగు, కోల్‌కతాకే. తిరిగొచ్చాక కుడి హబ్బు కూడా ఆ మేస్త్రి దగ్గరే విప్పిస్తాను.