16 రంగుల్లో లేని పన్ను

నా బల్ల మీద ఇప్పుడు రెండు వస్తువులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పై వరుస ముందుపన్నుకు తొడిగే జిర్కోనియా అనే సిరామిక్ క్యాపు. గురువారం లోపు డాక్టరు గారికి అందాలి. రెండోది పదిహేనున్నర సెంటీమీటర్ల రెక్కలున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం. అది ఎవరికీ అందనక్కర్లేదు. రెండింటికీ ఇక మిగిలింది మరకలు వేయడమే. కుంచెలు మాత్రం వేరు. సిరామిక్ కుంచెను ప్లాస్టిక్ రంగుల్లో ముంచేంత పాపం నేనింకా చేయలేదు.

నేను నల్లగొండలో పళ్ళ ల్యాబు నడుపుతాను. గడియారం సెంటర్ నుంచి లోపలికి వచ్చే ఒక వీధిలో మా ఇంటి ముందుగదే ల్యాబు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, నేను కట్టుడు పళ్ళు, క్యాపులు, బ్రిడ్జీలు చేసి పంపుతాను. పద్ధెనిమిదేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో కొందరి నవ్వులు నా చేతిలోంచి వెళ్ళినవే, కానీ ఆ మనుషులకు నేనెవరో తెలియదు. ఎదురుపడితే ముందు పళ్ళే చూస్తాను, మొహం తర్వాత.

విమానం నేను కోరి తెచ్చుకున్నది కాదు. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి మా అబ్బాయి పుట్టినరోజుకు తెచ్చాడు. పెట్టె మూత మీద మబ్బుల్లో దూసుకుపోతున్న విమానం బొమ్మ చూసి అబ్బాయి ఎగిరి గంతేశాడు. మూత తీసి మొహం వేలాడేశాడు. లోపల విమానం ఎక్కడిది? బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు చింతకాయల్లా వేలాడుతున్న ముక్కలు, కాగితం మీద అంకెలు, బాణాలు. సాయంత్రానికి వాడు బ్యాటు పట్టుకుని వెళ్ళిపోయాడు. పెట్టె నా బల్ల కిందికి చేరింది.

నెల తర్వాత, కరెంటు పోయి ఫర్నేసు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, ఊరికే తీసి చూశాను. ఒక ముక్క మీద పైలట్ కూర్చునే సీటు, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. దాని పక్కన మీటర్ల పలక. చూడగానే చేయి దురద పెట్టింది. ఈ కొలతల్లోనే కదా నేను రోజంతా బతికేది!

ఈ కిట్టు కొలత 1:72. అంటే అసలు విమానంలో ఆరడుగులు ఇక్కడ ఒక అంగుళం. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ తన తొలి విమానం కిట్టుగా ఈ స్పిట్‌ఫైర్‌నే ఈ కొలతలోనే 1953లో తెచ్చిందట. అప్పటి నుంచి ఎందరి వేళ్ళకు ఎంత జిగురు అంటుకుందో. అసలు విమానం రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు 36 అడుగుల 10 అంగుళాలు. నా దగ్గర పడుకున్నది జానెడు కంటే తక్కువ.

నాకు పనిముట్లు కొనే బాధ లేదు. సన్న ట్వీజర్లు, మైనం చెక్కే కత్తులు, భూతద్దం, అరగదీసే రకరకాల బర్లు అన్నీ ఉన్నాయి. ఆ ధీమాతోనే రెండు తప్పులు చేశాను. ఒకటి, ముక్క అంచు నునుపు చేయడానికి బర్‌ను తిప్పే మైక్రోమోటర్ పెట్టాను. పన్ను మీద సాఫీగా తిరిగే బర్ ప్లాస్టిక్ మీద క్షణంలో వేడెక్కి, ముక్కను అరగదీయకుండా కరిగించి జీడిపాకం చేసింది. రెండోది ఇంకా ఘోరం. కట్టుడు పళ్ళ పొడిలో కలిపే అక్రిలిక్ ద్రవం ఉంటుంది, ల్యాబుల్లో ముక్కు పగలగొట్టే ఆ వాసన దానిదే. ప్లాస్టిక్‌ను అతికిస్తుంది కదా అని రెక్కల అతుకులో రెండు చుక్కలు వేశాను. నిజంగానే అతికించింది. అతికించి ఊరుకోకుండా లోపలికి తింటూ పోయింది. తెల్లారేసరికి కుడి రెక్క ఎండకు వాడిన అరిటాకులా వంగి ఉంది. ఆ విమానం ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది, ల్యాబులో చేరే కొత్త కుర్రాళ్ళకు మొదటి పాఠంగా.

రెండో కిట్టు నా డబ్బుతో తెప్పించుకున్నాను. ఇంట్లో ఎంతకు కొన్నానో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

ఈసారి ఏ విమానంగా చేయాలా అని వెతుకుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. బ్రిటన్ వాయుసేనలో 152వ స్క్వాడ్రన్, అంటే ఒక విమానాల దళం. దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్! నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు. స్క్వాడ్రన్ చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా, దస్తార్. కింద రాసిన మాటకు అర్థం ‘నమ్మకమైన మిత్రుడు’. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళు నిజాంకు కట్టిన బిరుదే అది. 1940 వేసవిలో ఈ స్క్వాడ్రన్ ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ అనే చోట ఉండి, పక్కనే ఉన్న పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని జర్మన్ విమానాల నుంచి కాచింది. ఇదొక్కటే కాదు. హరికేన్ యుద్ధవిమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌ది హైదరాబాద్ స్టేట్ పేరు. అంతకుముందు 1918లో 110వ స్క్వాడ్రన్‌కు నిజాం ఇచ్చిన డీహెచ్ 9ఏ అనే బాంబర్ విమానాల్లో ఒకటి ఇప్పటికీ లండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ఉంది.

ఈ సంగతి మా అత్తమ్మకు చెప్పాను. ఆమెది మర్రిగూడ వైపు పల్లె. చెప్పగానే ఆశ్చర్యపోతుందనుకున్నాను.

“నిజాం డబ్బా? నిజాం దున్నాడా, కోశాడా?” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజాం సొంత సర్ఫె ఖాస్ అన్నా, సర్కారు దివానీ అన్నా ఆ ఖజానాలు నిండింది ప్రధానంగా భూమి శిస్తుతోనే కదా. యుద్ధం ముదిరాక శిస్తు చాలదన్నట్టు సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యం వచ్చింది. ఆమె పుట్టకముందు సంగతి, కానీ వాళ్ళ నాయన చెప్పి చెప్పి ఆమెకు కళ్ళతో చూసినట్టే ఉంది. ఇంట్లో జొన్నలు ఉన్నా లేకపోయినా లెవీ కొలవాల్సిందే. పెద్ద దొరల గరిసెల జోలికి పోని వాళ్ళు చిన్న రైతు కుండలో చేయి పెట్టేవాళ్ళట. ఆ లెవీ మీద కోపమే తర్వాత నల్లగొండ పల్లెల్లో ఎంత మంటయ్యిందో ఈ జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంతకీ అత్తమ్మ ప్రస్తావన వచ్చింది కాబట్టి పన్ను సంగతి చెప్పాలి. నాకు మరకలు వేయడం నేర్పింది ఆమే.

మూడేళ్ళ కింద బావి గడప దగ్గర జారిపడి ఆమె పై ముందుపన్ను విరిగింది. క్యాపు నేనే చేశాను. మా పనిలో షేడ్ గైడ్ అని ఒకటి ఉంటుంది, ఏ1 నుంచి డీ4 దాకా 16 నమూనా పళ్ళ వరుస. డాక్టరు దాన్ని నోటి పక్కన పెట్టి చూసి, దగ్గరి రంగు రాసి పంపుతారు. ప్రపంచమంతా వాడే ఆ 16 రంగుల్లో నల్లగొండ పన్ను లేదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు తెలుసు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడు చేసే ఫ్లోరైడ్, మా వైపు దానికి ఎన్నో రెట్లు ఉండేది. చిగురు లోపల పన్ను తయారవుతున్న చిన్నతనంలోనే అది పన్ను పైపొర అయిన ఎనామెల్‌లోకి చేరిపోతుంది. ఆ గోధుమరంగు తోమితే పోయేది కాదు.

ఏ2 వేసి, మెరుపు పెట్టి, ముత్యంలాంటి పన్ను చేశాను. సిమెంటు పెట్టకముందు డాక్టరు గారు తొడిగి చూపించారు. అత్తమ్మ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, “ఇది పక్కింటివాళ్ళ పన్నులా ఉంది, నా నోట్లో ఎందుకు పెట్టావు?” అంది.

వెనక్కి తెచ్చుకున్నాను. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి పక్క పళ్ళను భూతద్దంతో చూశాను. అదివరకు ఎన్ని వేల పళ్ళు చూశానో, మరకను మాత్రం అంత దగ్గరగా చూడలేదు. ఫ్లోరైడ్ చార అడ్డంగా ఉంటుంది. ఎడమ పన్ను మీద ఏ ఎత్తులో ఉందో కుడి పన్ను మీదా ఆ ఎత్తులోనే ఉంటుంది, ఎందుకంటే ఆ రెండూ ఒకే వయసులో తయారైనవి. చార నడుమ చిక్కన, అంచుల్లో పలచన, పైన సుద్దలాంటి తెల్లని మబ్బు. వక్క, పొగాకు మరకలైతే చిగురు అంచున, పళ్ళ సందుల్లో చేరతాయి, వాటి దారి వేరు. నాలుగుసార్లు ఫర్నేసులో పెట్టి తీశాను. ఈసారి అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు, కొంగుతో మూతి తుడుచుకుని “ఇంటికి పోదామా?” అంది. ఆ మాటనే నేను బిల్లు కింద జమ చేసుకున్నాను.

అంత నేర్చుకుని కూడా స్పిట్‌ఫైర్ దగ్గర మళ్ళీ మొదటికొచ్చాను.

రంగులు బాగానే పడ్డాయి. పైన రెండు రంగులు అలలుగా కలుస్తాయి. ఒకటి వాన పడ్డ చెలక మట్టి రంగు, రెండోది ముదిరిన కానుగాకు రంగు. కింద వైపు స్కై అనే రంగు, అచ్చం బాతుగుడ్డు పెంకు. 1940 జూన్ వరకు కింద సగం నలుపు, సగం తెలుపు ఉండేదట. నా విమానం ఆ తర్వాతిది. అసలు యుద్ధం మా ఎండతోనే. మే నెలలో 44 డిగ్రీలుంటే ఎయిర్ బ్రష్‌లోంచి వచ్చిన రంగు విమానాన్ని చేరేలోపే గాలిలో ఆరిపోయి, సున్నం పొడిలా కూర్చుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వేశాను. పాలవాడు కిటికీలోంచి చూసి, అత్యవసరంగా ఎవరికో పళ్ళు కావాలనుకున్నాడు.

డెకాల్స్, అంటే విమానం మీద అంటించే గుర్తులు, ఇంకో కథ. పెట్టెలో వచ్చినవి వేరే స్క్వాడ్రన్‌వి, 152 వాళ్ళ గుర్తయిన ‘యూఎమ్’ అక్షరాలు విడిగా తెప్పించాను. నీళ్ళలో నానబెడితే సన్నని పొర కాగితం నుంచి జారుతుంది, దాన్ని కుంచెతో తోసి విమానం మీద కూర్చోబెట్టాలి. ‘యూ’ బాగానే కూర్చుంది. ‘ఎమ్’ కుంచె కొసన ఉండగా మా అబ్బాయి వచ్చి “ఉక్కపోస్తోంది” అంటూ ఫ్యాను వేశాడు. ఇల్లంతా వెతికాం. మర్నాడు అత్తమ్మ మంచినీళ్ళ గ్లాసు మీద దొరికింది, గాలిబుడగ కూడా లేకుండా ఎంత అందంగా అతుక్కుందో! నా చేతితో ఎప్పుడూ అంత బాగా రాలేదు. గోరువెచ్చని నీళ్ళతో అరగంట బతిమాలితే వచ్చింది.

ఆ తర్వాత మరకల పిచ్చి పట్టింది. ఈ పనిలో అందరూ ఒకసారి పడే గొయ్యి అది. వాష్ అనే పలచని నల్లరంగు ప్రతి గీతలో పోశాను, వెండి రంగుతో అంచులన్నీ పెచ్చులు లేపాను, మసి పూశాను. చూస్తే చెరువు పూడిక తీస్తుంటే దొరికిన విమానంలా ఉంది. అత్తమ్మ చూసి, “కొత్తదాన్ని ఎందుకిట్లా పాడుచేశావు?” అంది. రెండు రోజులు దాన్ని చూడలేదు. మూడో రోజు పన్నును చూసినట్టు చూశాను. ఈ మరక ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడు పని తేలికైంది. 1940 వేసవిలో ఒక స్పిట్‌ఫైర్ నెలల తరబడి బతకడమే గొప్ప. కాస్త వేగం పెరుగుతుందని సిబ్బంది వాటిని మైనంతో తోమి నునుపు చేసేవాళ్ళు కూడా. తుప్పు పట్టేంత వయసు వాటికెక్కడిది? ఇంజను పక్కన ఒక్కోవైపు మూడేసి పొగగొట్టాలుంటాయి, మసి వాటి వెనక గాలి వాలుకు సాగాలి. రెక్కల్లో ఎనిమిది తుపాకులు, వాటి మూతుల మీద ఎర్రని బట్ట ముక్కలు అతికిస్తారు, కాల్చగానే చినిగిపోతాయి. చినగని బట్ట మీదుగా మసి పూస్తే తప్పు. నేను పూశాను, తుడిచాను. వెండి పెచ్చులన్నీ మూసేసి, ఎడమ రెక్క మొదట్లో మాత్రం ఉంచాను, అరచేయంత మేర.

అంటే నిజం విమానంలో అరచేయంత, నా విమానం మీద నువ్వుగింజంత.

మొన్న రాత్రి అత్తమ్మ ల్యాబులోకి వచ్చి దాన్ని భూతద్దం కిందికి లాగింది. చాలాసేపు చూసింది.

“ఈ ఒక్క రెక్క దగ్గరే ఎందుకు అరిగింది?”

“తలుపు ఎడమవైపే ఉంటుంది అత్తమ్మా. పైలట్ ఆ రెక్క మీద కాలు పెట్టి ఎక్కుతాడు.”

“ఎక్కినవాడు దిగాడా?”

“కొందరు దిగారు. సముద్రం మీద పోరు కదా, కొందరు దొరకను కూడా లేదు.”

ఆమె భూతద్దం పక్కన పెట్టి, విమానాన్ని రెండు చేతులతో ఎత్తి క్యాపుల పెట్టె పక్కన దించింది. కిందికి వంగి బల్ల కింద ఉన్న కొత్త పెట్టెను చూసింది. 253వ స్క్వాడ్రన్ కోసం తెప్పించిన హరికేన్. దాని ఒంటి వెనక సగం రేకు కాదు, బట్ట, అక్కడ వెండి పెచ్చులు లేపకూడదని ఇప్పటికే కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

“ఇదీ మన డబ్బుతో కొన్నదేనా?”

“ఇది కూడా.”

“అయితే దీన్నైనా కాస్త శుభ్రంగా ఉంచు” అని లైటు ఆర్పేసి వెళ్ళింది, నేను ఇంకా బల్ల దగ్గరే కూర్చుని ఉండగా.