డీఎస్సీ తెలుగు: దగ్గరి అర్థాల పదాలు నేను చదివిన తీరు

మెగా డీఎస్సీలో (ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష) నాకు స్కూల్ అసిస్టెంట్ తెలుగు పోస్టు వచ్చింది. 2018 తర్వాత మళ్ళీ 2025 దాకా పరీక్ష కోసం ఎదురుచూసిన వాళ్ళకి ఈ సంతోషం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. కావలి, ఉదయగిరి వైపు మిత్రులు చాలామంది "పదజాలం ఎలా చదివావన్నా?" అని అడుగుతున్నారు. అందుకే అదొక్కటే రాస్తున్నాను. మెథడాలజీ, సైకాలజీ అందరిలాగే చదివాను.

పలకడంలో దగ్గరగా ఉండే పదాలతో పెద్ద ఇబ్బంది లేదు. ప్రసాదం గుళ్ళో పెడతారు, ప్రాసాదం అంటే మేడ. ఆహుతి హోమంలో వేసేది, ఆహూతులు పిలుపందుకున్నవాళ్ళు. (సభల్లో మైకు పట్టుకుని "ఆహుతులందరికీ స్వాగతం" అంటుంటే మనసు చివుక్కుమంటుంది.)

అర్థంలో దగ్గరగా ఉండేవే అసలు పరీక్ష. ఈర్ష్య, అసూయ రెండిటికీ గైడ్లలో 'ఓర్వలేనితనం' అనే ఉంటుంది. సంస్కృత నిఘంటువు అమరకోశం తీసి చూశాను. ఓర్చుకోలేకపోవడం ఈర్ష్య, ఎదుటివాడి మంచి గుణాలకు కూడా దోషం అంటగట్టడం అసూయ. పక్కవాళ్ళ కయ్య బాగా పండితే కడుపు మండడం ఈర్ష్య. "రాత్రిళ్ళు కాలవకి గండికొట్టి నీళ్ళు పెట్టుకున్నాడు, పండదా మరి" అనడం అసూయ. ఈ ఉదాహరణ తట్టాక నా చదువే మారిపోయింది. ఒక పదం ఇమిడి, రెండోది ఇమడని వాక్యం దొరికేదాకా ఏ జంటనీ వదల్లేదు. మాస్టారిని అడిగేది సందేహం, దొంగతనం జరిగితే ఒకడి మీద కలిగేది అనుమానం. అదే అనుమానం తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం. సెలవుకి హెడ్మాస్టరు ఇచ్చేది అనుమతి, పెళ్ళికి అమ్మాయి తెలిపేది సమ్మతి, బిల్లుకి శాసనసభ తెలిపేది ఆమోదం.

"ప్రశ్నకి అర మార్కు, దానికింత టైమా?" అన్నవాళ్ళున్నారు. నేను వినలేదు, వినకపోవడమే మంచిదైంది. అర మార్కు తేడాతో ర్యాంకు ఎక్కడికి జారిపోతుందో మనందరికీ తెలుసు. పైగా రేపు క్లాసులో పిల్లాడు లేచి "రెండూ ఒకటే కదా సార్?" అంటే జవాబు చెప్పాల్సింది మనమే. కాబట్టి ఫోను పక్కన పెట్టండి. రాత్రి రెండు జంటలు వాక్యాల్లో రాసి, పొద్దున్నే చూడకుండా మళ్ళీ రాయండి. ఇంట్లో నాట్ల పనులున్నా ఆపొద్దు. టెట్ (టీచరు అర్హత పరీక్ష) స్కోరు పెంచుకోవాలని మళ్ళీ రాసేవాళ్ళకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. నా నోటుపుస్తకం ఫొటోలు కావాలంటే అడగండి, పంపిస్తాను.